తిరగని చక్రం, తెగని వాదం

1979 ఏప్రిల్ 24న అమెరికా పేటెంటు కార్యాలయం 4,151,431 నంబరుతో ఒక పేటెంటు మంజూరు చేసింది. అందుకున్నది వర్జీనియా రాష్ట్రంలోని బ్లాక్స్‌బర్గ్‌లో ఉండే హోవర్డ్ జాన్సన్. ఆయన తయారుచేశానన్నది శాశ్వత అయస్కాంత మోటారు. దానికి బ్యాటరీ లేదు, ఇంధనం లేదు, చుట్టిన తీగలో కరెంటు లేదు. అయస్కాంతాల మధ్య ఆకర్షణ, వికర్షణలే ఇరుసును తిప్పుతూ ఉంటాయని ఆయన మాట. 1973లో పెట్టిన దరఖాస్తుకు ఐదేళ్ళకు పైనే పట్టింది. మరుసటి ఏడాది 'సైన్స్ అండ్ మెకానిక్స్' పత్రిక దీన్ని ముఖచిత్ర కథగా వేసింది.

అప్పటినుంచి ఇప్పటిదాకా ఎన్నో దేశాల్లో, లేత్ మిషన్ ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ, ఆ బొమ్మలు ముందు పెట్టుకుని మోటారు కడుతూనే ఉన్నారు. బయటి శక్తి ఏదీ లేకుండా తిరుగుతూ, స్వతంత్ర పరీక్షలో ఒక బల్బునైనా వెలిగిస్తూ నిలబడిన యంత్రం ఒక్కటీ లేదు. అయినా కట్టేవాళ్ళు ఆగలేదు, వాదించేవాళ్ళు అలసిపోలేదు.

ఈ వాదం ఇంతగా చిక్కుపడటానికి కారణం, మూడు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం. అలాంటి యంత్రం అసలు సాధ్యమా? ఫలానా మనిషి కట్టిన ఫలానా యంత్రం పనిచేసిందా? దాన్ని చూసి మరొకరు కట్టినది పనిచేయకపోతే, అది దేనికి రుజువు? మొదటి ప్రశ్నకు భౌతికశాస్త్రం జవాబిచ్చి చాలాకాలమైంది. రెండోది ఒక్కో యంత్రాన్నీ విడిగా పరీక్షించి తేల్చవలసింది. అసలు తగవంతా మూడో ప్రశ్న దగ్గర ఉంది. ఇరుపక్షాలూ మాత్రం మొదటి ప్రశ్న గురించే కొట్లాడుకుంటూ ఉంటాయి.

పూర్వకథ

ఆగకుండా తిరిగే చక్రం ఊహ మన దేశంలోనూ పాతదే. భాస్కరాచార్యుడు 1150లో రచించిన సిద్ధాంతశిరోమణిలోని గోళాధ్యాయంలో, బోలు ఆకుల్లో సగం మేర పాదరసం నింపిన చక్రం దానంతటదే తిరుగుతుందని ఉంది.

ఈ కథలోకి అయస్కాంతం 1269లో వచ్చింది. దక్షిణ ఇటలీలో లుచేరా ముట్టడి సాగుతుండగా, పెట్రస్ పెరెగ్రినస్ అనే ఫ్రెంచి పండితుడు అయస్కాంతం గురించి ఒక లేఖ రాశాడు. అయస్కాంతానికి రెండు ధ్రువాలుంటాయని, విరగ్గొడితే రెండు ముక్కలూ రెండు అయస్కాంతాలవుతాయని స్పష్టంగా వివరించిన గొప్ప రచన అది. దాని చివర్లో, అయస్కాంతం పళ్ళను లాగుతూ ఉంటే ఎప్పటికీ తిరిగే చక్రం వర్ణన కూడా ఉంది. అదే లేఖలో మరోచోట, గుండ్రంగా చెక్కిన అయస్కాంతాన్ని ధ్రువాల మీద సరిగ్గా నిలబెడితే ఆకాశంతోపాటు అదీ తిరుగుతుందన్నాడు. తిరగకపోతే లోపం ప్రకృతిది కాదు, చేసినవాడి పనితనానిది అని ముక్తాయించాడు. 1600లో విలియం గిల్బర్ట్ ఆ చలనం తాను చూడలేదని, తనకు అనుమానమేనని రాశాడు. పెరెగ్రినస్ గోళాన్ని అందరూ మర్చిపోయారు గాని, ఆయన పెట్టిన షరతు మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు. కట్టినది తిరగలేదా? నువ్వు సరిగ్గా కట్టలేదన్నమాట.

1648లో ఇంగ్లండులో జాన్ విల్కిన్స్ తన పుస్తకంలో మరో అమరికను చర్చించాడు. ఏటవాలు పలక పైచివర బలమైన అయస్కాంతం ఉంటుంది. అది ఇనుప గుండును పైకి లాగుతుంది. పైకి చేరుతుండగా పలకలో ఒక రంధ్రం వస్తుంది, గుండు అందులోంచి జారి కింది దారిన మళ్ళీ మొదటికి వస్తుంది. విల్కిన్స్ దీన్ని వర్ణించి ఊరుకోలేదు. గుండును అంత ఎత్తుకు లాగగలిగిన అయస్కాంతం, దగ్గరకు వచ్చిన గుండును రంధ్రంలోంచి జారనివ్వదు కదా అని తానే అడిగాడు. శక్తి నిత్యత్వ నియమం పుట్టడానికి రెండు వందల ఏళ్ళ ముందే, ఒక మతాధికారి కేవలం ఆలోచనతో వేసిన ఈ ప్రశ్న తర్వాత వచ్చిన ప్రతి అయస్కాంత మోటారుకూ వర్తిస్తుంది.

1775లో పారిస్‌లోని విజ్ఞానశాస్త్ర అకాడమీ, నిత్య చలన యంత్రాల ప్రతిపాదనలను ఇకపై పరిశీలించబోమని తీర్మానించింది. ఈ వెతుకులాట వల్ల కుటుంబాలు ఆస్తులు పోగొట్టుకున్నాయని, ఎంతో సేవ చేయగలిగిన పనివాళ్ళు తమ డబ్బు, కాలం, ప్రతిభ ఇందులో తగలేసుకున్నారని కూడా అకాడమీ కారణం చెప్పింది. శాస్త్రజ్ఞుల అహంకారమని దీన్ని తిట్టేవారు ఈ కారణాన్ని సాధారణంగా ప్రస్తావించరు. అయితే వాళ్ళ ఆక్షేపణలో ఒక నిజం లేకపోలేదు. మయర్ 1842లో, జూల్ 1840ల పొడవునా చేసిన ప్రయోగాల్లో, హెల్మ్‌హోల్ట్స్ 1847లో నిత్యత్వ నియమానికి రూపం ఇచ్చారు. అకాడమీ తలుపు వేసింది అంతకు 70 ఏళ్ళ ముందే. అంటే ఆ నిర్ణయం అప్పటికి నియమం ఆధారంగా తీసుకున్నది కాదు, వైఫల్యాల అనుభవంతో తీసుకున్నది. నియమానికి లోతైన పునాది దొరికింది ఇంకా తర్వాత, 1918లో. భౌతిక నియమాలు కాలంతో మారకపోవడం నుంచే శక్తి నిత్యత్వం పుడుతుందని ఎమ్మీ నోతర్ గణితంతో చూపింది.

బల్ల మీద ఏం జరుగుతుంది

సిద్ధాంతం చెప్పేవాళ్ళు తరచుగా దాటవేసే విషయం ఒకటుంది. అయస్కాంతాల వరుస చేతికి నిజంగానే ఆశ పుట్టిస్తుంది. జాన్సన్ పేటెంటులో మొదట కనిపించేది గుండ్రటి మోటారు కాదు, సరళరేఖ దారి. దారి పొడవునా అయస్కాంతాలు అమర్చి, వంకర తిరిగిన మరో అయస్కాంతాన్ని ఒక చివర వదిలితే అది ఉరుకుతూ రెండో చివరకు పోతుంది. ఇందులో మోసం లేదు, ఎవరు కట్టినా జరుగుతుంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో గ్రెగ్ వాట్సన్ 1997లో ప్రచారంలోకి తెచ్చిన 'స్మాట్' అనే బొమ్మలోనూ ఇంతే. అయస్కాంతాల మధ్య వాలు మీద గుండు పైకెక్కి, చివర కింద పడుతుంది. విల్కిన్స్ పలకకు అది మునిమనవడు.

చిక్కు వచ్చేది దారి రెండు చివరలనూ కలిపి వలయం చేసినప్పుడు. అయస్కాంతం లోపలికి లాగే చోట వేగం పెరుగుతుంది, వదిలించుకుని బయటికి పోవలసిన చోట అంతే పోతుంది. కట్టేవాళ్ళు ఈ చోటును 'స్టిక్కీ స్పాట్' అంటారు, తిరిగే భాగమైన రోటరు అక్కడికి వచ్చి పట్టేసుకుంటుంది. కొండ దిగిన బండి బయల్దేరిన చోటికే తిరిగి చేరాలంటే దిగినంతా ఎక్కవలసిందే, దారి ఎన్ని మలుపులు తిరిగినా సరే. స్థిరంగా ఉన్న అయస్కాంతాల బలానికి ఇదే లక్షణం: ఏ వలయం చుట్టి మొదటికి వచ్చినా మొత్తం పని సున్నా. బేరింగుల ఘర్షణ, గాలి, దగ్గరి లోహాల్లో పుట్టే సుడి ప్రవాహాలు ఆ సున్నాను ఇంకా కిందికి తోస్తాయి.

ఆ చోటును దాటించడానికి జరిగిన ప్రయత్నాల వైవిధ్యం చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది. అయస్కాంతాలను ఆంగ్ల అక్షరం వి ఆకారంలో పేర్చడం, దూరాలు అసమానంగా పెట్టడం, ఇనుప రేకుతో ఒక వైపు కప్పడం, పళ్ళచక్రాలతో సరిగ్గా ఆ క్షణానికి కదలని భాగమైన స్టేటరును పైకెత్తడం... ఇలా ఎన్నో. ఎత్తడానికి పట్టే పని, రోటరుకు మిగిలిన పనికి సమానమని ప్రతిసారీ తేలుతుంది. 1980ల మొదట్లో నియోడిమియం అయస్కాంతాలు వచ్చాక ఆశలు మళ్ళీ లేచాయి. అయస్కాంతం ఎంత బలంగా ఉంటే లాగే బలం అంత పెరిగింది, పట్టేసుకునే బలమూ అంతే పెరిగింది.

కొంతకాలం తిరిగే యంత్రాలు ఉన్నాయి. అవి తిరగడంలో ఆశ్చర్యం లేదు. కిలో బరువు, 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న పళ్ళెం లాంటి రోటరును నిమిషానికి 300 చుట్ల వేగంతో వదిలితే అందులో ఉండే శక్తి సుమారు 2.5 జౌళ్ళు. మంచి బేరింగు మీద అది నిమిషాల తరబడి తిరుగుతుంది. చూసేవాడికి ఎప్పటికీ ఆగదేమో అనిపిస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు మొదట చేసే పరీక్ష, అయస్కాంతాలు తీసేసి అదే వేగంతో వదలడం. అయస్కాంతాలు లేనప్పుడే ఎక్కువసేపు తిరిగితే సంగతి అక్కడితో అర్థమవుతుంది. చాలా సందర్భాల్లో అలాగే తిరుగుతుంది కూడా.

ఇక తీగచుట్టలు, బ్యాటరీ ఉన్న యంత్రాల సంగతి వేరు. అమెరికాలోని ఐడాహోలో జాన్ బెడిని ప్రచారం చేసిన మోటారు ఇందుకు పెట్టింది పేరు. సైకిలు చక్రానికి అయస్కాంతాలు అతికించి, ఒక తీగచుట్ట, ఒక ట్రాన్సిస్టరు, రెండు బ్యాటరీలతో బడిపిల్లలు సైతం కట్టగలిగినది. ఇది తిరుగుతుంది, ఎందుకంటే బ్యాటరీ తిప్పుతుంది. వివాదం, రెండో బ్యాటరీలోకి వెళ్ళే శక్తి మొదటి బ్యాటరీ ఇచ్చినదానికన్నా ఎక్కువా అన్నది.

ఇక్కడ కొలతే గండం. ఒక చుట్టకు 12 వోల్టులు, 2 ఆంపియర్లు పదింట ఒక వంతు సమయం మాత్రమే అందుతున్నాయనుకుందాం. నిజంగా పోయే పవరు సగటున 2.4 వాట్లు. మామూలు మల్టీమీటరు చుట్ట దగ్గర సగటు వోల్టేజీ 1.2 అని, సగటు కరెంటు 0.2 అని చూపుతుంది. రెంటినీ గుణిస్తే 0.24 వాట్లు, అంటే నిజంలో పదో వంతు. ఇన్‌పుట్‌ను ఇలా కొలిచి అవుట్‌పుట్‌ను సరిగ్గా కొలిస్తే, ఎంత అధ్వానమైన మోటారైనా లాభంలో ఉన్నట్టే కనిపిస్తుంది. బ్యాటరీలు ఇంకో ఉచ్చు. పల్సులతో చార్జి చేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీ వోల్టేజీ చప్పున పెరుగుతుంది, కాని అందులో నిండిన శక్తిని వోల్టేజీ చెప్పదు. ఒక తెలిసిన లోడు మీద ఖాళీ చేసి చూస్తేనే అది తెలుస్తుంది. ఇదంతా తెలిసిన ఔత్సాహికులు లేకపోలేదు. చెప్పాలంటే ఈ తప్పులను ఓపికగా ఒక్కొక్కటే బయటపెట్టినవాళ్ళలో కాలేజీ ప్రొఫెసర్లకన్నా సాటి కట్టేవాళ్ళే ఎక్కువ. ఆ ఘనత వాళ్ళకు దక్కాలి.

ఉద్దేశపూర్వకమైన మోసాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. బల్ల కింద దాచిన చుట్ట, కెమెరాకు అందని గాలి గొట్టం, కంప్యూటరు ఫ్యాను లోపల దాగిన చిన్న సెల్లు: వీడియోలో వీటిని పట్టుకోవడం కష్టం, చేతికిస్తే క్షణం పని.

ఎవరి వాదం ఏది

మొదటి వర్గానిది నియమం ప్రకారం అసాధ్యమన్న నిలకడైన మాట. దీని బలం తెలిసిందే. బలహీనత, వినేవాడికి ఇది ఆజ్ఞలా వినిపించడం. నియమం ఎందుకు అలా ఉందో చెప్పకుండా నియమం పేరు చెప్పి ఊరుకుంటే, ఎదుటివాడు కొత్త నియమం కనిపెట్టానంటాడు.

రెండో వర్గం అయస్కాంతమే ఇంధనం అంటుంది. జాన్సన్ చెప్పినదీ ఇదే దిశలో: అయస్కాంతంలోని ఎలక్ట్రాన్ల స్పిన్‌లే శక్తికి మూలమని. ఈ వాదం నిత్యత్వ నియమాన్ని ధిక్కరించదు, కాబట్టి మర్యాదగా లెక్క వేసి చూడవచ్చు. నేడు దొరికే బలమైన నియోడిమియం అయస్కాంతాల శక్తి పరిమాణం ఘనపు మీటరుకు సుమారు 4 లక్షల జౌళ్ళు. కిలో అయస్కాంతం దాదాపు 133 ఘనపు సెంటీమీటర్లు, కనుక లెక్క 50 జౌళ్ళ దగ్గర తేలుతుంది. ఆ శక్తితో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు 6 సెకన్లు కూడా వెలగదు. లెక్క ఎంత ఉదారంగా వేసినా కొన్ని వందల జౌళ్ళు దాటదు. గడియారంలో వేసే ఒక ఏఏ ఆల్కలైన్ సెల్లులో పది వేల జౌళ్ళ దాకా ఉంటాయి. పైగా, నియమాన్ని మీరకుండా అయస్కాంతం శక్తి ఇవ్వాలంటే అది నీరసించాలి. ఇళ్ళు వెలిగించే మోటారు అయితే సెకన్లలోనే నీరసించాలి. ఆ లక్షణాన్ని ఎవరూ కొలిచి చూపలేదు.

మూడో వర్గం, యంత్రం మూసిన వ్యవస్థ కాదు, శూన్యంలోంచి శక్తిని లాక్కుంటుంది అంటుంది. 2002లో 'మోషన్‌లెస్ ఎలక్ట్రోమాగ్నెటిక్ జనరేటర్' పేరుతో సహోద్యోగులతో కలిసి పేటెంటు పొందిన టామ్ బేర్డెన్ దీని ప్రధాన ప్రచారకుడు. శూన్యానికి శక్తి ఉందన్నది ఆధునిక భౌతికశాస్త్రం ఒప్పుకునే మాటే. రెండు లోహపు పలకలు శూన్యంలో ఒకదాన్నొకటి లాక్కుంటాయని 1948లో కాసిమిర్ ఊహించాడు, 1997లో లామొరో దాన్ని జాగ్రత్తగా కొలిచాడు. కాని పలకలు ఒకసారి అతుక్కుంటే అయిపోయింది. మళ్ళీ పని చేయించాలంటే లాగి విడదీయాలి. అదే స్టిక్కీ స్పాట్, మరింత చిన్న కొలతలో.

నాలుగో వాదం ఐర్లండు కంపెనీ స్టియోర్న్ వినిపించినది, సాంకేతికంగా వీటన్నిటికన్నా తెలివైనది. అయస్కాంత పదార్థాలు ప్రతిస్పందించడానికి కొంత సమయం తీసుకుంటాయి కాబట్టి, వచ్చే దారికీ పోయే దారికీ బలాలు వేరుగా ఉంటాయని, ఆ తేడా నుంచి లాభం తీయవచ్చని. ఆలస్యం నిజమే. తేడా కూడా నిజమే. అయితే తెలిసిన పదార్థాలన్నిటిలోనూ ఆ తేడా వేడిగా పోయే నష్టంగానే తేలుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కోర్లు వేడెక్కడానికి ఒక కారణం అదే.

వీటికి పక్కన, వాదనలో పెద్దగా నోరెత్తని ఇంకో గుంపు ఉంది. మోటారు పనిచేయదని తెలిసే కడతారు. అయస్కాంత క్షేత్రాల్ని లెక్కగట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటారు, ఆసిలోస్కోపు వాడకం వంటపట్టించుకుంటారు. ఎందుకు ఆగిందో తెలుసుకోవడమే వాళ్ళ లాభం. విమర్శకులు వీళ్ళను నమ్మేవాళ్ళ కింద జమకట్టడం అన్యాయం.

రెండు పరీక్షలు

సంస్థాగత పరీక్షకు వచ్చిన సందర్భాలు అరుదు. రెండింటిని కొంచెం వివరంగా చూడాలి.

మిసిసిపీకి చెందిన జోసెఫ్ న్యూమన్ 1979లో తన యంత్రానికి పేటెంటు అడిగాడు. పెద్ద తీగచుట్ట, మధ్యలో తిరిగే అయస్కాంతం, బ్యాటరీల వరుస అందులో భాగాలు. తిరస్కరణకు గురై కోర్టుకెక్కాడు. సాంకేతిక సలహా కోసం కోర్టు నియమించిన స్పెషల్ మాస్టర్, పేటెంటు కార్యాలయం మాజీ కమిషనర్ విలియం షైలర్. సాక్ష్యం న్యూమన్ వైపే ఉందని ఆయన నివేదిక ఇచ్చాడు. న్యాయమూర్తి దానితో తృప్తి పడకుండా యంత్రాన్ని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌కు అప్పగించాడు. 1986లో ఆ సంస్థ నివేదిక వచ్చింది. పరీక్షించిన అన్ని స్థితుల్లోనూ బయటికి వచ్చిన పవరు లోపలికి వెళ్ళినదానికన్నా తక్కువే. యంత్రాన్ని తప్పుగా ఎర్త్ చేశారని న్యూమన్ ఆక్షేపించాడు. 1989లో అప్పీలు కోర్టు తిరస్కరణను ఖాయం చేసింది.

రెండోది స్టియోర్న్. 2006 ఆగస్టులో ఈ డబ్లిన్ కంపెనీ 'ది ఎకానమిస్ట్'లో ప్రకటన వేసి, తమ సాంకేతికతను పరీక్షించమని శాస్త్రజ్ఞులను సవాలు చేసింది. 22 మందితో జ్యూరీ ఏర్పడింది. 2007 జూలైలో లండన్‌లో జరగాల్సిన ప్రదర్శన రద్దయింది. దీపాల వేడి వల్ల బేరింగులు చెడ్డాయని కంపెనీ వివరణ. 2009 జూన్‌లో జ్యూరీ, కంపెనీ శక్తి ఉత్పత్తిని చూపలేకపోయిందని ఏకగ్రీవంగా ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో డబ్లిన్‌లో బ్యాటరీ ఉన్న యంత్రాన్ని ప్రదర్శించారు. బ్యాటరీని యంత్రమే తిరిగి నింపుతుందన్నారు. పెట్టుబడిదారుల నుంచి 2 కోట్ల యూరోలకు పైగా సేకరించిన కంపెనీ 2016లో మూతపడింది.

ఈ రెండు కథల్లో గమనించవలసిన తేడా, న్యూమన్ యంత్రాన్ని ఇచ్చాడు, స్టియోర్న్ ప్రధానంగా మాటలు, పరీక్షా ఫలితాలు ఇచ్చింది. న్యూమన్ విషయం పదేళ్ళు పట్టినా ఒక అంకె దగ్గర ఆగింది. స్టియోర్న్ విషయంలో జ్యూరీ చెప్పగలిగింది 'చూపలేదు' అని మాత్రమే. రెంటినీ ఒకే తరహా ఓటమిగా లెక్కించడం సౌకర్యంగా ఉంటుంది గాని సరికాదు.

విఫలమైన నకలు దేనికి రుజువు

ఇంగ్లండు సామాజిక శాస్త్రవేత్త హ్యారీ కాలిన్స్ 1985లో ప్రచురించిన పుస్తకంలో ఒక వలయాన్ని వివరించాడు. ప్రయోగం సరిగ్గా జరిగిందా అన్నది సరైన ఫలితం వచ్చిందా అన్నదాన్ని బట్టి తేలుతుంది. సరైన ఫలితం ఏమిటన్నది సరిగ్గా జరిగిన ప్రయోగం చెప్పాలి. గురుత్వ తరంగాలు పట్టుకున్నానని జోసెఫ్ వెబర్ 1969లో ప్రకటించాక, ఇతరుల పరికరాల్లో అవి కనిపించనప్పుడు సాగిన తగవు కాలిన్స్‌కు ముఖ్య ఉదాహరణ.

అయస్కాంత మోటారును ఈ వలయంలో ఇరికించడం తేలికే. చాలామంది అలాగే చేస్తారు. కాని మోటారు గురుత్వ తరంగం కాదు. దాని ఫలితం కంటికి కనిపిస్తుంది. లోడు మోస్తూ తిరుగుతుందా లేదా అన్నదానికి నిపుణుడు అక్కర్లేదు. అందువల్ల ఇక్కడ వలయం మొదటి ప్రయత్నంలోనే తెగిపోవాలి. తెగకపోవడానికి కారణాలు యంత్రాన్ని బట్టి మారతాయి.

జాన్సన్ తరహా మోటారును కట్టినవాళ్ళ వైఫల్యం కంటికి కనబడుతుంది, కాబట్టి తగవు కట్టడం మీదికి పోతుంది. అయస్కాంతం వంపు కొలత ప్రకారం లేదు, దూరం ఒక మిల్లీమీటరు ఎక్కువైంది, రేకు పదార్థం వేరు అంటారు. బెడిని తరహా మోటారు అందరి బల్ల మీదా తిరుగుతుంది, అందుచేత తగవు కొలత మీద. స్టియోర్న్ విషయంలో కట్టడానికి పూర్తి వివరాలే బయటికి రాలేదు, కాబట్టి తగవు కంపెనీ నిజాయితీ మీద. దక్షిణాఫ్రికాలో మొదలైన పెరెండెవ్ మోటారు వ్యవహారం ముందస్తు డబ్బు తీసుకోవడం దాకా, అక్కడినుంచి జర్మనీలో మోసం కేసు దాకా వెళ్ళింది, అక్కడ తేల్చవలసింది పోలీసులు, న్యాయస్థానం. ఈ నాలుగు రకాలనూ 'ఫ్రీ ఎనర్జీ' అని ఒకే సంచిలో వేయడం వల్ల ఒకదానికి చెప్పే జవాబు మరోదానికి అతకదు. బెడిని మోటారు కట్టిన కుర్రాడికి స్టియోర్న్ పెట్టుబడుల గతి చెబితే అతనికి కోపమే వస్తుంది. అతనికి కావలసింది మల్టీమీటరు గురించిన మాట.

కట్టడం మీది తగవులో ఒక విషయం తేల్చి చెప్పవచ్చు. కొలతలో మిల్లీమీటరు తేడాతో లాభం పూర్తిగా మాయమయ్యే మోటారు ఉంటే, ఆ చుట్టుపక్కల కొలతల్లో నష్టం కాస్త తగ్గిన గుర్తులైనా కనిపించాలి. ఎంతోమంది కట్టిన నమూనాల్లో అయస్కాంతాలు పెట్టాక రోటరు ఎక్కువసేపు తిరిగిందని నమ్మకంగా చూపినది లేదు. ఇది అసాధ్యతకు గణిత రుజువు కాదు. కానీ కట్టేవాడు తర్వాతి నెల జీతం అయస్కాంతాల మీద పెట్టాలా వద్దా అని నిర్ణయించుకోవడానికి చాలు.

మన దేశంలో

1970 నాటి భారత పేటెంటు చట్టం 3(ఎ) సెక్షన్, స్థిరపడిన ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైనదాన్ని ఆవిష్కరణగా ఒప్పుకోదు. ఇన్‌పుట్ లేకుండా అవుట్‌పుట్ ఇస్తుందనే యంత్రం దీనికి పేటెంటు కార్యాలయం చెప్పే ఉదాహరణ. అమెరికాలో పద్ధతి కొంచెం వేరు. మామూలుగా నమూనా చూపమని అడగరు, నిత్య చలన యంత్రమైతే అడగవచ్చు. అయినా జాన్సన్ పేటెంటు వచ్చింది. పేటెంటు యాజమాన్య హక్కుకు పత్రం, పనితీరుకు కాదు. ఈ ఒక్క సంగతి తెలియక మోసపోయినవాళ్ళు ఎక్కడైనా ఉంటారు.

మన దేశంలో ఈ చర్చకు ముఖ్యమైన పేరు పరమహంస తివారీ. అణువిద్యుత్ రంగంలో సీనియర్ ఇంజనీరు, కర్ణాటకలోని కైగా ప్రాజెక్టుకు డైరెక్టరుగా పనిచేశాడు. అమెరికాలో బ్రూస్ డిపాల్మా చెప్పిన తిరిగే అయస్కాంతపు జనరేటరు ఆలోచనను చేపట్టి, శూన్యం నుంచి విద్యుత్తు తీయవచ్చన్న సొంత సిద్ధాంతంతో ఏళ్ళ తరబడి జనరేటర్లు కట్టాడు. 2017లో మరణించాడు. ఆయన ఉదాహరణ ఒక సౌకర్యమైన అభిప్రాయాన్ని చెడగొడుతుంది: ఇలాంటివి చదువులేని వాళ్ళ వెర్రి అన్నది. రియాక్టరు ప్రాజెక్టు నడిపిన మనిషికి విద్యుత్ కొలతలు తెలియవని ఎవరూ అనలేరు. అయినా ఆయన లాభం లెక్క స్వతంత్రంగా నిలబడలేదు.

తేలకుండా మిగిలినవి

భౌతికశాస్త్రం వైపు మిగిలింది తక్కువ. ఆచరణ వైపు చాలా మిగిలింది.

ఒకటి, ప్రభుత్వ ప్రయోగశాలలు ఇలాంటి యంత్రాలను పరీక్షించాలా? న్యూమన్ పరీక్ష ప్రజాధనంతో జరిగింది. మళ్ళీ మళ్ళీ చేస్తే ఎడతెగదనేవారున్నారు. చేయకపోతే పెట్టుబడిదారులు మోసపోతారనేవారున్నారు. పారిస్ అకాడమీ 1775లో చేసిన వాదన, కుటుంబాలు నష్టపోతున్నాయన్నది, రెండు పక్షాలకూ పనికొస్తుంది.

రెండు, విఫల ప్రయత్నాల రికార్డు. ఏ రేకు ఏ దూరంలో పెడితే ఏం జరిగిందో ఎవరికి వారు తెలుసుకుని ఊరుకుంటారు. తిరిగిన వీడియో లోకమంతా చూస్తుంది. ఆగిపోయిన మోటారు వీడియోను కట్టినవాడు తీసేస్తాడు. కొత్తగా దిగేవాడికి ఆగిపోయిన దాని లెక్కే ఎక్కువ అవసరం.

మూడు, అంగీకరించిన పరీక్ష. దీనికి చాలామంది నిపుణులు సూచించే మోటు పద్ధతి ఒకటి ఉంది. యంత్రాన్ని మూసి సీలు వేయాలి, బయట నుంచి తీగ ఉండకూడదు, లోపలి నుంచి తెలిసిన లోడుకు పవరు రావాలి, కట్టినవాడు దగ్గర ఉండకూడదు. ఎంతసేపు అన్నది లెక్క చెబుతుంది. ఒక వాటు లోడు మీద కిలో అయస్కాంతాల మొత్తం శక్తి, ఉదారంగా 300 జౌళ్ళు అనుకున్నా, 5 నిమిషాల్లో అయిపోతుంది. లోపల ఒక ఏఏ సెల్లు దాచినా 3 గంటలు దాటదు. ఎనిమిది సెల్లులు దాచినా ఒక రోజు. కాబట్టి అదే వాటు లోడును ఒక వారం మోస్తే అయస్కాంతం ఇంధనమన్న వాదం, చిన్నా చితకా దాచిన బ్యాటరీ అనుమానం రెండూ పక్కకు పోతాయి. మిగతా అనుమానాలకు సీలు విప్పి చూడవచ్చు. ఇందులో ఖరీదైన పరికరం ఏదీ లేదు. యంత్రాన్ని వారం రోజులు అప్పగించడానికి ఎవరు సిద్ధపడతారు, అప్పగించుకోవడానికి ఏ సంస్థ ఒప్పుకుంటుంది, సీలు విప్పితే రహస్యం పోతుందనే కట్టినవాడి భయానికి ఏ ఒప్పందం సరిపోతుంది అన్నవే ఇంకా తేలని విషయాలు.